బోర్డింగ్ పాస్ మీద నాలుగు ఎస్‌లు, దిగాక లోపలి గది: ఎందుకిలా, ఏం చేయాలి?

మీరు రాసింది ఒకసారి క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. ఏడాదిలో రెండుసార్లు అమెరికా వెళ్లారు. రెండుసార్లూ బోర్డింగ్ పాస్ మీద ఎస్‌ఎస్‌ఎస్‌ఎస్ అని, అంటే అదనపు భద్రతా తనిఖీకి ఎంపికైనట్టు గుర్తు, పడింది. గేటు దగ్గర పక్కకు పిలిచి బ్యాగులన్నీ విప్పారు, చేతులకు గుడ్డముక్క రాసి మెషీన్‌లో పెట్టి చూశారు. దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్ నుంచి లోపలి గదికి పంపి గంటన్నర కూర్చోబెట్టారు. రెండోసారి ఫోన్ కూడా అడిగారు, కనెక్షన్ ఫ్లైట్ పోయింది. నా పేరు ఏదైనా లిస్టులో ఉందా, వచ్చే నెల అమ్మతో మళ్లీ వెళ్లాలి, ఏం చేయాలి అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. మీరు తప్పు చేశారని ఎవరూ తేల్చలేదు. మీ పేరో, పుట్టిన తేదీయో ఇంకెవరితోనో కలుస్తూ ఉండొచ్చు. ఈరోజే డీహెచ్‌ఎస్ ట్రిప్ అనే ఫిర్యాదు విభాగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. ఇది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2007లో ఇలాంటి వాళ్ల కోసమే పెట్టింది. వాళ్లిచ్చే రిడ్రెస్ నంబర్‌ను (ఫిర్యాదు పెట్టినవాళ్లకిచ్చే గుర్తింపు నంబర్) ఇకమీదట ప్రతి టికెట్‌లోనూ వేయించాలి. అయితే దరఖాస్తు తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి వచ్చే నెల ప్రయాణానికి అది అందదనే అనుకుని, ఈసారి కూడా అదంతా జరుగుతుందన్నట్టే సిద్ధపడండి. ఎలాగో కింద రాస్తాను.

నేను పదహారేళ్లుగా ఒక సంస్థలో ఉద్యోగుల విదేశీ ప్రయాణాలు చూసే పనిలో ఉన్నాను. మధ్యలో రెండేళ్లపాటు నాకూ ఇదే జరిగింది. ఐదు ప్రయాణాల్లో ఐదుసార్లూ నాలుగు ఎస్‌లే. అందుకే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందరూ చూస్తుండగా మన బట్టలు ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే, ఏమీ చేయకపోయినా తల దించుకోవాలనిపిస్తుంది.

ఎక్కేముందు తనిఖీ, దిగాక లోపలి గది, ఇవి రెండూ వేర్వేరు విషయాలు. చాలామంది కలిపేసి ఆలోచిస్తారు, మీ ప్రశ్నలోనూ కలిసిపోయాయి. విమానం ఎక్కేముందు జరిగే తనిఖీ విమాన భద్రతకు సంబంధించింది. దాన్ని నిర్ణయించేది టీఎస్‌ఏ, అంటే అమెరికా రవాణా భద్రతా సంస్థ. మీ దగ్గర ప్రమాదకరమైన వస్తువు ఉందా లేదా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న. దిగాక లోపలి గదిలో జరిగేది సీబీపీ, అంటే అమెరికా కస్టమ్స్, సరిహద్దు భద్రతా సంస్థ పని. మీరు దేశంలోకి రావచ్చా, ఏ పని మీద వచ్చారు, ఎన్నాళ్లుంటారు అన్నది అక్కడి విషయం. మొదటిదానికి మీరు చేయాల్సింది ఓపిక పట్టడం, రెండోదానికి చేయాల్సింది సరిగ్గా జవాబివ్వడం. గేటు దగ్గర నేను ఫలానా ఉద్యోగం చేస్తున్నాను, మా పిల్లలు అక్కడ చదువుతున్నారు అని ఎంత చెప్పినా ఉపయోగం లేదు. మొదట్లో నేనూ అలాగే చెప్పుకుంటూ పోయేవాణ్ణి. బ్యాగు విప్పుతున్న మనిషికి అదంతా అక్కర్లేదు, అతని పని బ్యాగుతోనే.

నాలుగు ఎస్‌లు ఎలా పడతాయో చెప్తాను. అమెరికా వెళ్లే ప్రతి విమానంలోని ప్రయాణికుల పూర్తి పేరు, పుట్టిన తేదీ, లింగం ఎయిర్‌లైన్ ముందే టీఎస్‌ఏకి పంపాలి. మామూలుగా బయల్దేరడానికి 72 గంటల ముందు నుంచి ఆ వివరాలు వెళ్తాయి. సెక్యూర్ ఫ్లైట్ అనే వ్యవస్థ వాటిని పోల్చి చూసి ఎయిర్‌లైన్‌కి జవాబు పంపుతుంది. ఆ జవాబులు మూడు రకాలు: మామూలుగా ఎక్కించండి, అదనంగా తనిఖీ చేసి ఎక్కించండి, అసలు ఎక్కించవద్దు. మీది రెండో రకం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కావాలని వేసింది కాదు, తీసేయడం ఆమె చేతిలోనూ లేదు. యాదృచ్ఛికంగా ఎంపికయ్యేవాళ్లూ ఉంటారు. ఒక్కసారి పడితే అది యాదృచ్ఛికం అనుకుని వదిలేయొచ్చు. వరసగా పడుతుంటే మాత్రం పేరు పోలిక అని అనుమానించాలి.

దీన్ని ముందే పసిగట్టొచ్చు. ఆన్‌లైన్ చెక్-ఇన్ చేస్తుంటే బోర్డింగ్ పాస్ రాకుండా కౌంటర్‌కి వెళ్లమని చూపిస్తే, అది నాలుగు ఎస్‌ల సూచన కావచ్చు. డాక్యుమెంట్ల పరిశీలన కోసం కూడా అలా వస్తుంది. ఏదైనా సరే, ఆరోజు మామూలుగా వెళ్లే సమయం కన్నా ఇంకో గంట ముందే ఎయిర్‌పోర్టుకి చేరండి.

ఇలా ఇబ్బంది పడ్డవాళ్లలో పెద్ద పేర్లే ఉన్నాయి. అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీని 2004లో పలుమార్లు ఎయిర్‌పోర్టుల్లో ఆపారు. ఆ సంగతి ఆయనే సెనేట్ కమిటీలో చెప్పారు. ఆయన పేరు లాంటి పేరు జాబితాలో ఉండటమే కారణం. షారుఖ్ ఖాన్‌ను 2009లో నెవార్క్‌లో, 2012లో న్యూయార్క్ దగ్గర, 2016లో లాస్ ఏంజెలెస్‌లో ఆపారు. మన మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు 2011లో న్యూయార్క్ నుంచి బయల్దేరేటప్పుడు, విమానంలో కూర్చున్నాక వచ్చి ఆయన కోటు, బూట్లు అడిగి తీసుకెళ్లి పేలుడు పదార్థాల కోసం పరీక్షించారు. తర్వాత అమెరికా క్షమాపణ చెప్పింది. అంతటి మనిషికే అలా జరిగిందని తెలిసినప్పుడు నాకు బాధేసింది. కానీ నా మీద నాకున్న అనుమానం ఆరోజుతో పోయింది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కదిలించింది రహీనా ఇబ్రహీం కేసు. ఆమె మలేషియా నుంచి వచ్చి స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని. 2004లో ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్ ఫారంలో తప్పు గళ్లలో టిక్కు పెట్టాడు. దాంతో ఆమె పేరు నో-ఫ్లై జాబితాలోకి, అంటే విమానం ఎక్కనివ్వకూడనివాళ్ల జాబితాలోకి ఎక్కింది. 2005 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో ఆమెను అరెస్టు చేశారు. అది మనిషి చేసిన పొరపాటేనని కోర్టు తేల్చింది 2014లో. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ విషయం అంతదూరం వెళ్లలేదు, మిమ్మల్ని విమానం ఎక్కనిస్తూనే ఉన్నారు. పొరపాటు అవతలివైపు నుంచీ జరగొచ్చని, దాన్ని కాగితం మీద సవాలు చేసే దారి ఉందని తెలియాలనే చెప్తున్నాను.

దరఖాస్తు విషయంలో కొన్ని మాటలు. పాస్‌పోర్టు కాపీ జతచేయండి. ఏ తేదీన, ఏ విమానంలో, ఏం జరిగిందో వరసగా రాయండి. కోపం, ఆవేదన రాయొద్దు, జరిగినవి రాయండి చాలు. బోర్డింగ్ పాసులు దాచి ఉంటే వాటి ఫొటోలు పెట్టండి. చివరికి వచ్చే ఉత్తరంలో మీ పేరు జాబితాలో ఉందనీ చెప్పరు, లేదనీ చెప్పరు. అది వాళ్ల విధానం. నాకూ అలాంటి ఉత్తరమే వచ్చింది, చదివాక ఏం తేలిందో అర్థం కాలేదు. కానీ ఆ నంబర్ టికెట్‌లో వేసిన తర్వాతి ప్రయాణంలో నాలుగు ఎస్‌లు రాలేదు. ఆ తర్వాత ఒక్కసారే వచ్చాయి. అప్పుడు వేరే ఏజెంట్ ద్వారా బుక్ చేసిన టికెట్‌లో నంబర్ వేయడం మర్చిపోయారు. ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను: గ్లోబల్ ఎంట్రీ (ముందే పరిశీలించిన ప్రయాణికులను త్వరగా పంపే పథకం) వాళ్లిచ్చే నోన్ ట్రావెలర్ నంబర్ వేరు, రిడ్రెస్ నంబర్ వేరు. బుకింగ్‌లో రెండిటికీ వేర్వేరు గళ్లు ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి వేస్తే ఏదీ పనిచేయదు.

టికెట్ మీది పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. పాస్‌పోర్టులో ఒకే పేరుండి, రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. అలాంటివాళ్ల వివరాలు ఒక్కో వ్యవస్థలో ఒక్కోలా పడి చిక్కులొస్తాయి. వీలైతే పాస్‌పోర్టులోనే ఇంటిపేరు, పేరు విడిగా వేయించుకోవడం మేలు.

ఇక గుడ్డముక్క పరీక్ష. అందులో పేలుడు పదార్థాల అతిసూక్ష్మమైన ఆనవాళ్లు వెతుకుతారు. గ్లిజరిన్ ఉన్న హ్యాండ్ లోషన్లు, కొన్ని ఎరువులు, గుండెకు వాడే నైట్రోగ్లిజరిన్ మాత్రలు కూడా ఒక్కోసారి అలారం మోగిస్తాయి. మా ఆఫీసులో ఒక అమ్మాయికి అలాగే మోగింది. లైన్లో నిలబడి చేతులు ఎండిపోయాయని లోషన్ రాసుకుంది. తర్వాత నలభై నిమిషాలు మొత్తం వెతికారు. గట్టిగా చెప్పేదేంటంటే, ఆరోజు ఉదయం చేతులు సబ్బుతో కడుక్కోండి, తనిఖీ అయ్యేదాకా ఏమీ రాసుకోకండి. మీ అమ్మగారు గుండె మందులు వాడుతుంటే ప్రిస్క్రిప్షన్ చేతిలోనే ఉంచుకోండి. ఒంటి తనిఖీ చేయాల్సి వస్తే ఆడవాళ్లను ఆడ అధికారే చేయాలి. నలుగురిలో వద్దనుకుంటే విడిగా గదిలో చేయమని అడగొచ్చు, మీరు తోడుగా ఉంటానని కూడా అడగొచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని చాలామంది ఊరుకుంటారు. అడగండి, అది మామూలే. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌తో ఉండాలి. ఆన్ చేసి చూపించమంటే ఆన్ అవ్వాలి, కాకపోతే ఆ పరికరాన్ని విమానంలోకి రానివ్వకపోవచ్చు.

ఇప్పుడు అసలైన విషయం, దిగాక జరిగేది. లోపలి గదికి పంపడం అంటే అరెస్టు కాదు. కౌంటర్ దగ్గర నిమిషంలో తేలని విషయాన్ని తీరిగ్గా చూడటానికి పంపుతారు. ఎక్కువసేపు గడిచేది కూర్చోవడంలోనే, ప్రశ్నలు పది పదిహేను నిమిషాలే ఉంటాయి. చాలాచోట్ల అక్కడ ఫోన్ వాడనివ్వరు. కాబట్టి మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు మూడు గంటలు ఆలస్యమైనా కంగారుపడొద్దని ముందే చెప్పి ఉంచండి.

ఇక్కడ మనల్ని దెబ్బతీసేది నిజం కాదు, తొందరలో దొర్లే మాట. మా సహోద్యోగి ఒకరు బీ-1 అనే బిజినెస్ విజిటర్ వీసా మీద మూడు రోజుల మీటింగులకు వెళ్లారు. ఎందుకొచ్చారని అడిగితే "వర్క్ కోసం" అన్నారు. మనకు ఆఫీసు పని ఏదైనా వర్కే కదా. కానీ ఆ వీసా మీద మీటింగులకు, చర్చలకు వెళ్లొచ్చు గానీ అక్కడ ఉద్యోగం చేయకూడదు. ఆ ఒక్క మాటకు రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. ఆయన కంగారులో ఇంకో తప్పు చేశారు. ఎక్కడ ఉంటారంటే క్లయింట్ ఆఫీసు అడ్రస్ చెప్పారు, హోటల్ పేరు చెప్పలేదు. చివరికి ఆహ్వాన పత్రం, మీటింగుల షెడ్యూలు, తిరుగు టికెట్ చూపించాక పంపారు. ఆ తర్వాత నుంచి మా వాళ్లు బయల్దేరేముందు వాళ్లతో నేను ఒక పావుగంట కూర్చుంటాను. ఎందుకు వెళ్తున్నారు, ఎవర్ని కలుస్తారు, ఎక్కడుంటారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఖర్చు ఎవరిది అని అడుగుతాను. బట్టీ పట్టించడానికి కాదు. మనకు తెలిసిన నిజాన్ని నాలుగు ముక్కల్లో చెప్పడం అలవాటు లేకపోతే అక్కడ తడబడతాం.

మీ అమ్మగారి విషయంలో ఇది మరీ ముఖ్యం. పెద్దవాళ్లను ఎందుకొచ్చారని అడిగితే "మనవరాలిని చూసుకోవడానికి" అంటారు. మన భాషలో చూడటానికీ చూసుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి చాలా పెద్దదైపోతుంది. రెండోది పిల్లల్ని చూసే పనికి వచ్చినట్టు వినిపిస్తుంది, విజిటర్ వీసా మీద అది చిక్కు ప్రశ్న అవుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఇలాగే అని ఇరుక్కున్నారు. పైగా ఎన్నాళ్లుంటారంటే "ఆరు నెలలు" అన్నారు. ఆరు నెలలు ఇస్తారని ఎవరో చెప్పారట. ఆవిడ తిరుగు టికెట్ చూస్తే రెండు నెలలకే ఉంది. అబద్ధం చెప్పే ఉద్దేశం ఆవిడకు ఏ కోశానా లేదు. అయినా రెండు మాటలు పొసగకపోయేసరికి ప్రశ్నలు పెరిగాయి. మీ అమ్మగారితో ముందే కూర్చుని, టికెట్‌లో ఉన్న తేదీ, మీరు ఉండబోయే ఇంటి అడ్రస్, మీరు ఏం పని చేస్తారు అన్నవి ఆవిడ మాటల్లోనే చెప్పించండి. తెలియనిదానికి "తెలియదు, మా అబ్బాయిని అడగండి" అనడం తప్పు కాదు. ఇంగ్లీషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగమనండి. అర్థం కాకుండా తలూపడం కన్నా అది వంద రెట్లు నయం.

అబద్ధం మాత్రం చిన్నదైనా చెప్పొద్దు. దీని మీద నేను చాలా పట్టుదలగా ఉంటాను. ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికా చట్టంలో అది శాశ్వత నిషేధానికి దారితీస్తుంది. తర్వాత మినహాయింపు అడుక్కుంటూ తిరగాలి. మామూలు ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్‌కి (కోర్టు విచారణ లేకుండా అక్కణ్నుంచే వెనక్కి పంపేయడానికి) ఐదేళ్ల నిషేధమే, అంటే అబద్ధం దానికన్నా బరువైనది. ఎప్పుడైనా పరిస్థితి విషమించి వెనక్కి పంపేస్తామంటే, ప్రవేశ దరఖాస్తును నేనే వెనక్కి తీసుకుంటాను అని అడిగే వీలుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. ఒప్పుకుంటే వీసా రద్దయినా ఆ ఐదేళ్ల నిషేధం పడదు. ఏ కాగితం మీదైనా చదివి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. వీసా మీద వచ్చినవాళ్లకు ఆ గదిలో లాయర్‌ను పిలిపించుకునే హక్కు మామూలుగా ఉండదు, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఫోన్ సంగతి. 2018 జనవరిలో సీబీపీ ఇచ్చిన ఆదేశం ప్రకారం రెండు రకాల తనిఖీలున్నాయి. అధికారి చేత్తో తిరగేసి చూడటం ఒకటి, దానికి ప్రత్యేకంగా అనుమానం ఉండాల్సిన పనిలేదు. వేరే పరికరానికి తగిలించి సమాచారం తీసుకోవడం రెండోది, దానికి సహేతుకమైన అనుమానమో, జాతీయ భద్రతా కారణమో ఉండాలి. ఫోన్‌లో ఉన్నదే చూడాలి, నెట్‌లోని సమాచారం తెరవకూడదు. అందుకే ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెడతారు, లేదా మిమ్మల్ని పెట్టమంటారు. ఫోన్ తమ దగ్గరే ఉంచుకుంటే 6051-డి అనే రసీదు ఇవ్వాలి, మామూలుగా ఐదు రోజులకు మించి ఉంచుకోకూడదు. ఆ రసీదు తీసుకోకుండా అక్కణ్నుంచి కదలొద్దు.

పాస్‌వర్డ్ ఇవ్వనంటే? అమెరికా పౌరులను ఆ కారణంతో దేశంలోకి రానివ్వకుండా ఆపలేరు, ఫోన్ మాత్రం పట్టుకోవచ్చు. వీసా మీద వచ్చినవాళ్లను వెనక్కి పంపే అవకాశం ఉంది. ఇది న్యాయమా అంటే నాకు కాదనే అనిపిస్తుంది. ఫోన్ అంటే ఇప్పుడు మనిషి జీవితం మొత్తం. కానీ అమ్మగారితో వెళ్తున్నప్పుడు ఆ పోరాటం అక్కడ చేయమని మీకు చెప్పలేను. అవసరం లేనివి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లకపోవడం మీ చేతిలో ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ కంపెనీ నియమం ముందే కనుక్కోండి. అయితే మరీ కంగారు వద్దు. 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 42 కోట్ల మంది ప్రవేశిస్తే, పరికరాలు చూసింది 47 వేల పైచిలుకు సార్లు. మీకు మళ్లీ అదే జరుగుతుందని లేదు.

ఇతర దేశాల సంగతి అడగలేదు గానీ, లండన్ మీదుగా వెళ్లేవాళ్ల కోసం ఒక ముక్క. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద చట్టం షెడ్యూల్ 7 కింద ఏ అనుమానం లేకుండానే ఆరు గంటల వరకు ప్రశ్నించొచ్చు, జవాబివ్వకపోవడం నేరం. 

టికెట్ ఇంకా కొనకపోతే ఒక సలహా. అబుదాబి, ఐర్లండ్‌లోని డబ్లిన్, షానన్ లాంటి చోట్ల అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే, విమానం ఎక్కకముందే అయిపోతుంది. అమెరికాలో దిగాక మళ్లీ ఉండదు. కానీ అక్కడ లోపలి గదికి పంపితే మీ పెద్ద విమానమే పోవచ్చు. కాబట్టి అలాంటి చోట కనీసం నాలుగు గంటల విరామం పెట్టుకోండి. నేరుగా అమెరికాలో దిగి మరో విమానం మారాలన్నా అంతే. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే, మీరు గదిలో కూర్చున్నంతసేపట్లో రెండో విమానం పోతే ఆ డబ్బు పోయినట్టే.

మీ ఇద్దరి టికెట్లు ఒకే బుకింగ్‌లో ఉన్నా, నాలుగు ఎస్‌లు మీకు మాత్రమే పడొచ్చు. అప్పుడు అమ్మగారు ఒక్కరే ముందుకెళ్లి నిలబడాల్సి వస్తుంది. ఆవిడ పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్, మందులు, మీరు దిగే అడ్రస్ రాసిన కాగితం, మీవాళ్ల ఫోన్ నంబర్ ఆవిడ చేతి సంచిలోనే ఉండాలి, మీ బ్యాగులో కాదు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మాత్రం కుటుంబం కలిసే వెళ్లొచ్చు, ఇద్దరూ కలిసి వెళ్లండి. తినే వస్తువులేమైనా ఉంటే ఉన్నాయని చెప్పండి, ఇద్దరి దగ్గరా కలిపి పది వేల డాలర్లు దాటి నగదు ఉంటే డిక్లేర్ చేయండి. చెప్పి తీసుకెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు.

బయటికొచ్చాక, ఆ రెండు రోజుల్లోనే ఇద్దరి ఐ-94 రికార్డు (ఎప్పటిదాకా ఉండొచ్చో చూపించే ప్రవేశ రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి చూడండి. లోపలి గది నుంచి వచ్చినవాళ్లు ఇంటికి చేరితే చాలనుకుని దీన్ని మర్చిపోతారు. తేదీ తప్పు పడినా, పాస్‌పోర్టు గడువు దగ్గరపడి తక్కువ రోజులు ఇచ్చినా అక్కడే తెలుస్తుంది. వాళ్ల వైపు పొరపాటైతే సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకు పాస్‌పోర్టుతో వెళ్తే సరిచేస్తారు. ఈసారి కూడా నాలుగు ఎస్‌లు పడితే ఆ బోర్డింగ్ పాస్ పారేయకండి. మీ దరఖాస్తు ఇంకా నడుస్తుంటే దాన్ని కూడా జతచేయాలి. ఉత్తరం వచ్చాక ఇక్కడే రాయండి, నంబర్ ఎక్కడ ఎలా వేయాలో మీ ఎయిర్‌లైన్ బుకింగ్ చూసి చెప్తాను.